విక్టర్ మాస్టారి పెడల్‌కి సర్కారు ముద్ర

ఇంట్లో కూర్చుని కరెంటు తీగలకి మూడు టంకాల కంటే ఎక్కువ వేసే ప్రతి మనిషినీ ప్రోత్సహించి తీరాలని ప్రభుత్వం నిర్ణయించిన రోజున కాకినాడ మొత్తం మీద అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు కరుణాకరం. ఆ వార్త పడ్డ పేపరు చంకలో పెట్టుకుని టీకొట్టు దాకా వెళ్లి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చదివి వినిపించాడు. పాపం, ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోన్ శాఖలో తీగలు అతికి రిటైరైన మనిషి. నిన్ను ప్రోత్సహిస్తాం రమ్మన్నవాళ్లు అంతవరకూ ఒక్కరూ లేరు. ఇంట్లో భార్య భ్రమరాంబైతే అతన్ని నిరుత్సాహపరచడం ఒక నోములా పట్టింది.

"ప్రభుత్వం మనల్ని వెతుక్కుంటూ వస్తోందంటే మంచికి కాదండి," అందావిడ పేపరు వంక చూడకుండానే.

"నీకన్నీ అనుమానాలే. రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఇస్తారట."

"రౌడీషీటర్లకి కూడా ఇస్తారు నంబర్లు."

ఇంతకీ అతను చేసేవి గిటారు పెడల్స్. గిటారు వాయించేవాళ్లు పాదం దగ్గర పెట్టుకుని తొక్కే చిన్న ఇనప డబ్బాలు. గిటారు ధ్వని ఒక తీగలోంచి డబ్బాలోకి దూరి, లోపలి సర్క్యూటు చేతిలో పడి, గరగరలాడుతూనో వణుకుతూనో రెండో తీగలోంచి సౌండు బాక్సుకి చేరుతుంది. కంపెనీ పెడల్ కొనలేని పెళ్లి ఆర్కెస్ట్రాల కుర్రాళ్లూ, చర్చిల్లో వాయించేవాళ్లూ తుని నుంచి అమలాపురం దాకా కరుణాకరం దగ్గరికే వచ్చేవారు. అతను ఎవరి పటాన్నీ కాపీ కొట్టడు. ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలి, ఏ దారి ఏ దారిని దాటకూడదు అన్న లేఅవుటు మొత్తం గళ్లకాగితం మీద తనే గీసుకుంటాడు. అదొక్కటే అతని గర్వం.

ఆ గీయడంలో ఒక మెలిక ఉంది. ముక్కలన్నీ బోర్డు పైన కూర్చుంటాయి. వాటిని కలిపే రాగి దారులు బోర్డు కింద ఉంటాయి. కాబట్టి పైనుంచి చూసి గీసుకున్న పటాన్ని రాగి వైపుకి దించేటప్పుడు అద్దంలో బొమ్మలా తిరగెయ్యాలి. కరుణాకరం కాగితాన్ని కిటికీ అద్దానికి బోర్లా ఆనించి, ఎండ వెలుగులో గీతలన్నీ వెనకవైపు దిద్దుకునేవాడు. ఆ తిరగేసిన పటాన్నే మార్కరుతో రాగి రేకు మీదికి ఎక్కించి, రాగిని తినేసే ఎర్రమందు నీళ్లలో నానబెడితే, గీత ఉన్నచోట రాగి మిగిలి మిగతాదంతా కరిగిపోతుంది. తిరగెయ్యడం మరిచిపోతే మాత్రం ఎనిమిది కాళ్ల చిప్పులో ఒక కాలికి రావలసిన కరెంటు ఇంకో కాలికి పోయి పొగ లేస్తుంది. ఈ పనిలో ఉన్న ప్రతివాడూ ఒక్కసారైనా ఆ పొగ పీలుస్తాడు, పీల్చాక జన్మలో మరిచిపోడు. ఇక నానబెట్టడానికి ఏ వారం ఏ డబ్బా మాయమవుతుందో తెలియక భ్రమరాంబ వంటింటి అలమారకి తాళం వేసుకునేది.

ఈసారి అతను చేస్తున్న పెడల్ మాత్రం విక్టర్ మాస్టారిది.

విక్టర్ మాస్టారు జగన్నాథపురం చర్చిలో ముప్పై నాలుగేళ్లు గిటారు వాయించాడు. కిందటేడు ఆయనకి ఎడమ పక్క పక్షవాతం వచ్చింది. కాలు కదిలింది, మాట తిరిగింది, ఎడమ చేతి వేళ్లలో బలం మాత్రం తిరిగి రాలేదు. గిటారు మీద స్వరాన్ని నొక్కిపట్టేది ఆ వేళ్లే. ఆయన తీగ మీటితే స్వరం పుట్టిన చోటే చచ్చిపోయేది. చర్చి కమిటీ వాళ్లు చాలా మర్యాదగా ఆయన్ని ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, గిటారు మరొకరికి ఇచ్చారు. ఆయన ఒక్కటే అడిగాడు: చర్చికి నూరేళ్లు నిండే ఆదివారం మొదటి పాట తను వాయిస్తానని. కమిటీ ఒకరి మొహాలొకరు చూసుకుని సరేనంది.

కరుణాకరం నాలుగు నెలలు కూర్చుని, ఆయన కోసం ఒక కొత్త సర్క్యూటు తయారు చేశాడు. స్వరం నీరసించిన కొద్దీ అది పైకెత్తి పట్టుకుంటుంది; సౌండు బాక్సు వైపు తిరిగి వాయిస్తే, తీగ మీంచి వేలు తీసేదాకా స్వరం ఆగదు. మొదటిసారి పరీక్ష చేసిన సాయంత్రం విక్టర్ మాస్టారు వసారాలో కూర్చుని స్విచ్చు తొక్కి, బలంలేని వేలితో ఒక తీగ నొక్కి మీటాడు. స్వరం నిలబడింది. ఆయన తల వంచుకుని అలాగే విన్నాడు.

"ఇంకా ఉందయ్యా కరుణా," అన్నాడు కొంతసేపటికి.

"ఉందండి."

"నా వేలేనంటావా అది?"

"మీ వేలేనండి మాస్టారూ. నేను పడిపోకుండా చెయ్యి పట్టుకున్నానంతే."

ఆ మాట అని కరుణాకరం లోపలికి వెళ్లిపోయాడు, కళ్లు తుడుచుకోవాలి కదా.

ఉత్సవం ఇంకా ఆరు వారాలుందనగా చర్చి కార్యదర్శి కబురు పెట్టాడు. కొత్త చట్టం ప్రకారం ఇంట్లో చేసిన ఏ పరికరాన్నైనా పదిమందిలో వాడాలంటే గృహనిర్మిత విద్యుత్ పరికరాల ప్రోత్సాహక మండలి అనుమతి ఉండాలట. ఆ అనుమతి నంబరు చూపించకపోతే మైకు పర్మిషనే ఇవ్వరట. ప్రోత్సాహంలో ఇది మొదటి మెట్టన్నమాట. కరుణాకరం ఏమీ కంగారు పడలేదు. ఉతికిన చొక్కా తొడుక్కుని, లేఅవుటు పటం గొట్టంలా చుట్టుకుని, మండలి జిల్లా కార్యాలయానికి పెళ్లికి వెళ్తున్నంత ఉత్సాహంగా వెళ్లాడు.

కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు అన్నవరం పటాన్ని విప్పి, అటు తిప్పి, ఇటు తిప్పి, తల పక్కకి వాల్చి చూశాడు.

"ఏంటండీ బాబూ ఇది? మీ పేరు తిరగబడిపోయింది?"

"రాగి వైపు పటం కదండి. మీ ఫారంలో ఏడో కాలమ్‌లో రాగి వైపు పటమే జతపరచమన్నారు. రాగి వైపు అలాగే తిరగేసి ఉంటుందండి. పేరు కూడా అందులో భాగమే."

"తిరగేసి ఉంటే ఎవరు చదువుతారండి?"

"దాన్ని చదవక్కర్లేదండి. కరెంటు నడవాలంతే."

ఈ చివరి మాట అన్నవరం పరిధి దాటిన విషయం కావడంతో పటాన్ని లోపల ఉపసంచాలకులు మృత్యుంజయరావు గారి బల్ల మీద పెట్టారు. మృత్యుంజయరావు గారిది ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఇంట్లో మంచినీళ్లు అడిగినా ఆర్డరు కాపీలా అడుగుతాడని ప్రతీతి.

"సదరు పటము పరిశీలించడమైనది," అన్నాడాయన. "ప్రభుత్వ దస్త్రము ఎడమ నుండి కుడికి చదవబడవలసియున్నది. మీ దస్త్రము కుడి నుండి ఎడమకు నడచుచున్నది."

"అయ్యా, ఇది బోర్డుకి వెనక వైపండి. ముందు నుంచి చూస్తే..."

"కరుణాకరం గారూ, చట్టానికి వెనక వైపు ఉండదు."

 

అయితే మండలి కఠినమైనది కాదు, ప్రోత్సాహకరమైనది. దరఖాస్తును తిరస్కరించడం వాళ్ల ఆశయాలకి విరుద్ధం. అందుచేత అన్నవరం పటాన్ని కిటికీకి ఆనించి, ఎంతో శ్రద్ధగా, ఒక్క గీత పోకుండా, మొత్తం వేరే కాగితం మీద తిప్పి గీసి పేరు సరిచేశాడు. రెండు వారాల తరవాత ఆ సరిచేసిన పటం మీద ముద్ర పడి కరుణాకరం చేతికొచ్చింది. రాగి వైపు పటం యథాతథంగా మంజూరైనదనీ, తయారైన బోర్డు రాగి వైపు మీద ఈ పటాన్ని పెట్టి చూసినప్పుడు వెంట్రుకవాసి తేడా వచ్చినా శిక్షార్హమనీ కింద రాసి ఉంది.

మర్నాడు కరుణాకరం సంచీలో ఒక కొత్త బోర్డు, బ్యాటరీ పెట్టుకుని ఉపసంచాలకుల గదిలోకి వెళ్లాడు. ఆ బోర్డుని మంజూరైన పటం ప్రకారం, అక్షరాలా, తన చేతులతో తనే తయారు చేశాడు. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం ఉన్న వాడికి తెలిసి తెలిసి తప్పు చెయ్యడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది.

"సార్, తమరు మంజూరు చేసిన ప్రకారం చేశానండి. ఇప్పుడు బ్యాటరీ తగిలిస్తున్నాను, చూడండి."

తగిలించాడు. చిప్పు ఒకసారి చిటుక్కుమని, సన్నగా నీలిరంగు పొగ వదిలింది. అన్నవరం ఫైలుతో విసిరాడు. మృత్యుంజయరావు గారు పటాన్ని బోర్డు మీద పెట్టి, కళ్లజోడు సవరించుకుని, మూల మూలా సరిచూశాడు.

"అక్షరాలా సరిపోయినది. అభినందనలు."

"పొగొచ్చింది కదండీ!"

"పొగ రాకూడదని మంజూరు పత్రములో ఎక్కడనూ లేదు."

"పెడల్ పని చెయ్యదండి సార్!"

"పరికరము పని చేయునా లేదా అనునది మండలి పరిధిలోనికి రాదు. మేము ప్రోత్సహించెదము. పని చేయించుట దరఖాస్తుదారుని బాధ్యత."

కరుణాకరం శాంతమూర్తి. టెలిఫోన్ శాఖలో పనిచేసినవాడికి జనం తిట్లు పడడం కొత్త కాదు. కానీ ఆ క్షణంలో విక్టర్ మాస్టారి వేలు గుర్తొచ్చి అతనికి ఒళ్లు మండింది. చుట్టూ చూశాడు. బల్ల మీద ఇంకు ప్యాడు పక్కన గుండ్రటి రబ్బరు స్టాంపు కనిపించింది. అడక్కుండానే తీసి, తలకిందులు చేసి, ఉపసంచాలకుల ముక్కు ముందు పెట్టాడు.

"దీని మీద అక్షరాలు ఎలా ఉన్నాయో చూడండి సార్. తిరగేసి లేవూ? ఇవి తిరగేసి ఉండబట్టే కదండీ కాగితం మీద ముద్ర సరిగ్గా పడుతోంది? నా బోర్డు కూడా అంతేనండి. అంతేనండి బాబూ, ఇంకేం లేదు!"

 ఇరవై ఆరేళ్లలో కొన్ని లక్షల ముద్రలు వేసిన మృత్యుంజయరావు గారు ముద్ర మొహం చూడడం అదే మొదటిసారి. ఆయన స్టాంపు తీసుకుని వెలుతురు వైపు పట్టుకున్నాడు. మొహంలో రంగులు మారాయి. తను చెప్పింది తలకెక్కిందనుకుని కరుణాకరం లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

"అన్నవరం," అన్నాడు మృత్యుంజయరావు గారు నెమ్మదిగా. "ఇది ఎప్పటి నుండి ఇట్లున్నది?"

అన్నవరం కూడా తక్కువ తిన్నవాడేం కాదు. "నేను చేరకముందు నుంచేనండి," అన్నాడు వెంటనే.

ఆ మధ్యాహ్నమే కార్యాలయంలోని స్టాంపులన్నీ బల్ల మీదికి రప్పించి విచారణ జరిపారు. పదకొండు స్టాంపులూ తిరగబడే ఉన్నాయి. స్వీకరించడమైనది, తిరస్కరించడమైనది, అత్యవసరం, అన్నీ అంతే. ఇన్నేళ్లుగా ప్రభుత్వ కార్యాలయంలో ఒక్క స్టాంపు కూడా సక్రమంగా లేకపోవడం చూసి మృత్యుంజయరావు గారికి నిజంగానే గుండెల్లో నొప్పి వచ్చి, సొరుగులోంచి మాత్ర తీసి వేసుకున్నాడు. స్టాంపులు చేసిన కొట్టువాడికి సంజాయిషీ నోటీసు వెళ్లింది. వాడు పరిగెత్తుకొచ్చి వివరించబోతే, "ఇతను కూడా దరఖాస్తుదారుని మనిషే" అని ఫైల్లో రాసుకున్నారు. వారం తిరక్కుండా తిన్నగా చదవదగిన అక్షరాలతో పదకొండు కొత్త స్టాంపులు వచ్చాయి.

కొత్త స్టాంపుతో మొదటి ముద్ర అన్నవరమే వేశాడు. వేసి, కాగితం వంక చూసి, ఉపసంచాలకుల ముందు పెట్టాడు. మండలి పేరు మొత్తం తిరగబడి పడింది.

మృత్యుంజయరావు గారు స్టాంపు చూశాడు. కాగితం చూశాడు. మళ్లీ స్టాంపు చూశాడు.

"స్టాంపు సక్రమముగా ఉన్నది. విచారణలో రుజువైనది. కావున లోపము కాగితములో ఉండవలెను."

కాగితాల కాంట్రాక్టరుకి నోటీసు వెళ్లింది. అతను ఇరవై రకాల కాగితాలు తెచ్చి చూపించాడు. అన్నింటి మీదా ముద్ర ఒకేలా పడింది. అప్పుడు మండలి చివరి నిర్ణయానికి వచ్చి ఒక సర్క్యులర్ విడుదల చేసింది. స్టాంపుకీ దస్త్రానికీ వైరుధ్యం ఉండడం పాలనకి మంచిది కాదు గనక, ఇకపై దరఖాస్తులూ, పటాలూ, సంతకాలూ సమస్తం ముద్ర నడిచే దిశలోనే నడవాలన్నది దాని సారాంశం. ఆ సర్క్యులర్ కూడా తిరగేసే అచ్చు వేశారు. అంచేత దాన్ని జనం అర్థం చేసుకోవడానికి మూడు రోజులు పట్టింది.

నాలుగో రోజు నుంచి ఆ వీధి స్వరూపం మారిపోయింది. దువ్వెనలూ బొట్టుబిళ్లలూ అమ్మే అతను తోపుడు బండి నిండా చేతి అద్దాలు పేర్చుకుని గేటు ముందుకి మారాడు. రిజిస్ట్రాఫీసు దగ్గరుండే దస్తావేజు రాతగాళ్లు ముగ్గురు ఇటు తరలి వచ్చి, కాగితాలు కిటికీలకి ఆనించి వెనకనుంచి రాసిపెట్టడం మొదలుపెట్టారు. సంతకం తిరగేసి పెట్టలేక ఒక ముసలాయన చివరికి వేలిముద్ర వేస్తే, అది ఏ వైపు తిరిగిందో తేలక ఆ ఫైలు హెడ్డాఫీసుకి పోయింది. ప్రతి బల్ల మీదా ఒక అద్దం వెలిసింది. ఫైలు తీసిన ప్రతిసారీ అన్నవరం ముందు తన క్రాపు దువ్వుకుని, తరవాత దరఖాస్తు వైపు తిప్పేవాడు. ఇంతమందిని ఇన్ని విధాల ప్రోత్సహించిన కార్యాలయం రాష్ట్రంలో మరొకటి లేదని పై నుంచి ప్రశంస కూడా వచ్చింది.

ఈలోగా ఆరు వారాల్లో అయిదు గడిచిపోయాయి. కరుణాకరం అన్నం సరిగ్గా తినడం మానేశాడు. విక్టర్ మాస్టారు రోజూ సాయంత్రం వచ్చి వసారాలో కూర్చుని, ఏమీ అడక్కుండా టీ తాగి వెళ్లిపోయేవాడు. అడిగితే ఎలాగోలా జవాబు చెప్పుకునేవాడు, అడక్కపోవడమే కరుణాకరానికి ప్రాణం మీదికొచ్చింది.

ఉత్సవం రెండు రోజులుందనగా, శుక్రవారం పొద్దున్న, అన్నవరం స్వయంగా స్కూటరు మీద ఇంటికొచ్చాడు.

"మిమ్మల్ని సారు గారు పెడల్ పట్టుకుని తక్షణం రమ్మన్నారండి. చెడుకి కాదులెండి. మీ అదృష్టం పండింది!"

జిల్లాలో మొత్తం రెండు వందల పద్నాలుగు దరఖాస్తులు వస్తే, కొత్త సర్క్యులర్ ప్రకారం రెండు వందల పదమూడు వెనక్కి పంపాల్సి వచ్చింది. ఒక్కటి, ఒకే ఒక్కటి, సర్క్యులర్ పుట్టక ముందే సర్క్యులర్‌కి అనుగుణంగా ఉంది. అది మొదటి రోజు కరుణాకరం తెచ్చిన, ఫైల్లోనే ఉండిపోయిన అసలు పటం. గీతలూ, అంకెలూ, చివరికి అతని పేరు కూడా ముద్ర నడిచే దిశలోనే నడుస్తున్నాయి.

మృత్యుంజయరావు గారు కుర్చీలోంచి లేచి మరీ కరచాలనం చేశాడు. "మీ దూరదృష్టికి మండలి పక్షాన అభినందనలు. మొదట మా వారెవరో మీ పటమును తిప్పి గీసి పాడు చేసిరి. బాధ్యులపై చర్య తీసుకొనబడును."

అన్నవరం కిటికీలోంచి బయటికి చూశాడు. కరుణాకరం ఏడవాలో నవ్వాలో తెలియక చేతులు జోడించాడు. రాగి వైపుకి పటం సరిగ్గా సరిపోయింది, చిప్పు కాలలేదు, అనుమతి పత్రం చేతికొచ్చింది. అద్దంలో చదువుకుంటే తన పేరు కింద 'మంజూరు' అని స్పష్టంగా ఉంది.

"ఇక పందొమ్మిదో నిబంధన ఒక్కటే మిగిలినది," అన్నాడు మృత్యుంజయరావు గారు. "మంజూరైన పరికరమును ఎవరునూ మార్చకుండుటకై లక్క ముద్ర వేయవలెను."

అన్నవరం కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి, డబ్బా మూత బిగించిన మరల మీద పోశాడు. కరుణాకరం అభ్యంతరం చెప్పలేదు. కానీ ఆఖరి బొట్టు స్విచ్చు మీద పడేసరికి ఎగిరిపడ్డాడు.

"అయ్యయ్యో, స్విచ్చు మీద కాదండి! తొక్కేది అదేనండి!"

"తొక్కినచో ముద్ర చెదురును. ముద్ర చెదిరినచో అనుమతి రద్దగును. దరఖాస్తుదారుడు జీవితకాలము టంకము పట్టరాదు."

"మరి తొక్కకుండా వాయించేదెలాగండి?"

మృత్యుంజయరావు గారు అతని వంక నిజమైన ఆశ్చర్యంతో చూశాడు. "వాయించుటకు అనుమతి ఎవరడిగిరి? మీరు అడిగినది పరికరమునకు మాత్రమే కదా." తరవాత చిరునవ్వుతో ఇంకో మాట చెప్పాడు. చర్చి కమిటీ వారు ఆయన్ని ముఖ్య అతిథిగా పిలిచారట. తను మంజూరు చేసిన మొట్టమొదటి పరికరం కాబట్టి ముద్ర చెదరకుండా ఉందో లేదో ముందు వరసలో కూర్చుని స్వయంగా పర్యవేక్షిస్తాడట.

ఆ పగలంతా కరుణాకరం డబ్బా ముందు కూర్చున్నాడు. ఎర్రటి లక్క మధ్యలో మండలి ముద్ర మహా రాజసంగా ఉంది. లక్క పగలగొడితే అతనికి ఈ జన్మకి పటం లేదు, కిటికీ లేదు, ఎర్రమందు నీళ్లు లేవు. పగలగొట్టకపోతే విక్టర్ మాస్టారికి స్వరం లేదు.

భ్రమరాంబ రెండుసార్లు వచ్చి చూసి, మూడోసారి అక్కడే నిలబడింది.

"అది మీరు తొక్కడానికి చేశారా, దండేసి పూజ చెయ్యడానికా?"

"తొక్కితే ఇంక నన్ను టంకం వెయ్యనివ్వరే. బతికినన్నాళ్లూ."

"నా డబ్బాలన్నీ వంటింటికి తిరిగొస్తాయన్నమాట," అందావిడ. అని, గొంతు మార్చి, "ఆయన రోజూ వచ్చి ఏమీ అడక్కుండా వెళ్తుంటే నేను చూడలేకపోతున్నానండి," అంది.

సాయంత్రం విక్టర్ మాస్టారికి కరుణాకరం అన్నీ దాచకుండా చెప్పాడు. మాస్టారు లక్క మీద వేలితో రాసి చూశాడు.

"వద్దులేవయ్యా. నేను ఉత్తి గిటారే వాయిస్తాను. పలికినంత పలుకుతుంది. నా ఒక్క పాట కోసం నీ చేతిపని పోగొట్టుకుంటావా?"

"మీరు వాయించండి మాస్టారూ. అనుమతి నాది, నా ఇష్టం."

ఆదివారం చర్చి కిటకిటలాడిపోయింది. ముందు వరసలో మృత్యుంజయరావు గారు మెడలో దండతో కూర్చున్నాడు. ముద్ర చెదిరిన పక్షంలో సభాముఖంగా చదవవలసిన నోటీసు ముందే టైపు చేయించి జేబులో పెట్టుకున్నాడు. అది కూడా ముద్ర నడిచే దిశలోనే ఉంది గనక, చదవడానికి అద్దం కూడా తెచ్చుకున్నాడు. నోటీసు అందరికీ స్పష్టంగా వినబడేలా చదవాలి, లేకపోతే చెల్లదు. ఆ నిబంధన ఆయన రాసిందే.

విక్టర్ మాస్టారు వేదిక మీద స్టూలు మీద కూర్చుని గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. పెడల్ పాదం పక్కనే ఉంది. ఆయన దాని వంక చూడకుండా మొదటి స్వరం మీటాడు. ఠక్కుమని ఆగిపోయింది. రెండోది కూడా అంతే. వెనక వరసల్లో ఎవరో జాలిగా నిట్టూర్చారు. కమిటీ వాళ్లు నేల చూపులు చూశారు. మాస్టారి చెంపలు ఎర్రబడ్డాయి, మూడోసారి మీటడానికి చెయ్యి లేవలేదు.

గోడవారగా నిలబడ్డ కరుణాకరం ఇక ఆగలేకపోయాడు. "తొక్కండి మాస్టారూ!" అని అంత చర్చిలోనూ వినబడేలా అరిచాడు.

మాస్టారు తొక్కాడు. లక్క పెళ్లున పగిలి ముక్కలు ముందు వరస దాకా వచ్చి పడ్డాయి. ఆయన వేలు తీగ మీద పెట్టి, సౌండు బాక్సు వైపు తిరిగి మీటాడు.

స్వరం లేచి నిలబడింది.

మృత్యుంజయరావు గారు కూడా లేచాడు. ముఖ్య అతిథి లేచేసరికి, ఇది లేచి నిలబడవలసిన పాట కాబోలనుకుని చర్చి మొత్తం లేచి నిలబడింది. ఆయన ఒక చేత్తో నోటీసు, ఇంకో చేత్తో అద్దం పట్టుకుని నోరు తెరిచాడు. స్వరం అయిపోకుండా చదివితే ఎవరికీ వినబడదు. వినబడకపోతే చెల్లదు. అందుకని స్వరం ఆగేదాకా ఆగుదామని నోరు మూసుకున్నాడు. కిటికీ తలుపులు సన్నగా అదురుతున్నాయి. కరుణాకరం తన చేతుల వంక ఒకసారి చూసుకుని, ఆ చేతుల్నే కట్టుకుని వింటున్నాడు. ఉపసంచాలకులు మళ్లీ నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు, వాచీ చూసుకున్నాడు.

విక్టర్ మాస్టారు వేలు తియ్యలేదు.